200 గంటల సీపీఎల్‌తో ఏటీఆర్ ఉద్యోగం: టైప్ రేటింగ్ ముందే చేసెయ్యాలా, పిలుపు వచ్చేదాకా ఆగాలా?

అనంతపురం_212 · శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు, చేతికొచ్చి ఏడు నెలలైంది. మొత్తం 212 గంటలు, అందులో 15 ట్విన్ ఇంజిన్ మీద. ఐఆర్ (పరికరాల సాయంతో ఎగిరే అర్హత) ఉంది, ఆర్‌టీఆర్ (రేడియో లైసెన్సు) ఉంది, క్లాస్ 1 మెడికల్ ఉంది. లేనిది ఉద్యోగమే.

ఎయిర్‌బస్ టైప్ రేటింగ్ (ఒక్కో రకం విమానానికి విడిగా తీసుకునే అర్హత) చేసి కూర్చున్నోళ్ల వరుస చూసి భయమేసి, చిన్న ఊళ్లకు తిరిగే ప్రాంతీయ సంస్థల వైపు చూస్తున్నా. అలయన్స్ ఎయిర్, ఫ్లై91, స్టార్ ఎయిర్ లాంటివి. ఒక ఏజెంటు రోజూ ఫోన్ చేస్తున్నాడు: "ఏటీఆర్ టైప్ రేటింగ్ ఇప్పుడే చేసెయ్, ఈ బ్యాచ్‌లో రెండే సీట్లున్నాయి, రేటింగ్ ఉన్నోళ్లనే ముందు పిలుస్తారు" అని. ఏటీఆర్ అంటే చిన్న ఊళ్లకు తిరిగే ప్రొపెల్లర్ విమానం. దాని రేటింగ్‌కి 17 లక్షలు. ఇప్పటిదాకా చదువుకే 58 అయ్యాయి, అందులో 35 బ్యాంకు అప్పు. నాన్న రెండెకరాల చీనీ తోట అమ్మేద్దామంటున్నారు. సోమవారంలోగా 2 లక్షలు అడ్వాన్సు కట్టాలంట.

కట్టాలా వద్దా? సూటిగా చెప్పండి, తిట్టినా ఫర్వాలేదు.

రన్‌వే_09 · శుక్రవారం రాత్రి 10:05

కట్టేయ్ తమ్ముడూ. 2022లో నేనూ ఇదే గోడ మీద కూర్చున్నా. ఎయిర్‌బస్ రేటింగ్ సొంత డబ్బుతో చేశా, ఐదో నెలలో పిలుపొచ్చింది. "కంపెనీయే చేయిస్తుందిలే" అని ఆగిన నా బ్యాచ్‌మేట్లు ముగ్గురిలో ఇద్దరు ఇంకా ఆగే ఉన్నారు.

ఐదారు విమానాల కంపెనీకి నిన్ను మొదటి నుంచి తయారు చేసే ఓపికా ఉండదు, డబ్బూ ఉండదు. రేటింగ్ ఉంటే లైన్ ట్రైనింగ్ (ప్రయాణికులున్న విమానాల్లో శిక్షణ) పెట్టి నెలల్లో డ్యూటీకి రిలీజ్ చేసుకుంటారు. పైగా ఇప్పుడు గాలి మనవైపే ఉంది. కొత్త డ్యూటీ నిబంధనల్లో వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. సరిపడా మనుషుల్లేక 2025 డిసెంబరులో ఇండిగో ఎన్ని వేల విమానాలు రద్దు చేసుకుందో చూశాం కదా. విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారే వచ్చే 15, 20 ఏళ్లలో 30,000 మంది పైలట్లు కావాలంటున్నారు. 58 లక్షలు పోసి గుమ్మం దాకా వచ్చి తాళంచెవి ఖరీదు చూసి వెనక్కి పోతావా?

గచ్చిబౌలి_గ్లైడర్ · శుక్రవారం రాత్రి 10:31

ఆ తాళంచెవి నా దగ్గరుంది బాసూ. తలుపే లేదు.

2019 జనవరిలో బోయింగ్ 737 రేటింగ్ పూర్తి చేశా. ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. అదే విమానం మీద వేల గంటలున్న ఫస్ట్ ఆఫీసర్లు (కో-పైలట్లు) రాత్రికి రాత్రి ఉద్యోగాల వేటలో పడ్డారు. వాళ్లని కాదని 200 గంటల నన్నెవడు పిలుస్తాడు? తేరుకునేలోపు కరోనా. 2023 మేలో గో ఫస్ట్ ఆగినప్పుడు ఎయిర్‌బస్ రేటింగ్ చేసుకున్న పిల్లలకీ ఇదే జరిగింది.

రేటింగ్ అంటే ఒకసారి కొని బీరువాలో పెట్టుకునే బంగారం అనుకోకండి. నడపకపోతే పాలప్యాకెట్టే. ఏటా ఐఆర్ చెక్, మధ్యలో సిమ్యులేటర్ సెషన్లు, మెడికల్. మూడేళ్లలో నిలబెట్టుకోవడానికే నాకు ఆరు లక్షలు పోయాయి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నా. మా మేనేజరు నన్ను అందరికీ "మా పైలట్" అని పరిచయం చేస్తాడు, చచ్చిపోవాలనిపిస్తుంది.

ఎడమసీటు_విశాఖ · శనివారం ఉదయం 6:50

ఏటీఆర్ మీద పద్నాలుగేళ్లు, అందులో ఆరేళ్లుగా ట్రైనింగ్ కెప్టెన్‌ని. కంపెనీ పేరు అడగొద్దు.

రన్‌వే గారు చెప్పిన 30,000 అంకె నిజమే కానీ, దాన్ని సీటు చూడకుండా చదువుతున్నారు. కరువు ఎడమ సీటులో (కెప్టెన్లకు) ఉంది, కుడి సీటులో (కో-పైలట్లకు) కాదు. 2023లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒక్క ఏడాదిలో 1,622 సీపీఎల్‌లు ఇచ్చింది. ఇక ఇటువైపు లెక్క చూడండి. ఒక ఏటీఆర్ రోజంతా తిరగాలంటే సెలవులూ విశ్రాంతులూ కలుపుకుని ఐదారు జతల పైలట్లు కావాలి. ఆరు విమానాల సంస్థ అంటే ముప్పై చిల్లర కో-పైలట్లు. ఏడాదికి వాళ్లలో నాలుగో వంతు పెద్ద సంస్థలకు వెళ్లిపోయారనుకున్నా ఖాళీ అయ్యేవి ఎనిమిదో తొమ్మిదో. దేశంలో ఏటీఆర్‌లు ఎక్కువున్నది ఇండిగో దగ్గర, నలభై పైచిలుకు. వాళ్లకు తామే శిక్షణ ఇప్పించుకునే సొంత క్యాడెట్ల వరుస ఉంది.

ఇంకో ఇరుకు బయటివాళ్లకు కనబడదు. 200 గంటల కుర్రాణ్ణి తీసుకుంటే అతని పక్కన మామూలు కెప్టెన్ కూర్చుంటే చాలదు, ట్రైనింగ్ కెప్టెన్ కూర్చోవాలి. మా దగ్గర అలాంటివాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమి. ఒకేసారి ముగ్గురు కొత్తవాళ్లను లైన్ మీద పెడితే మా రోస్టర్ చితికిపోతుంది. కొత్తగా ఎడమ సీటుకొచ్చిన కెప్టెన్ పక్కన అసలే పెట్టలేం. కాబట్టి "రేటింగ్ ఉంది, తీసుకోండి" అన్నా మేం ఆగమంటాం. మాకు ఆటంకం మీ రేటింగ్ కాదు, మా మనుషుల గంటలు.

పోయిన ఏడాది సంగతి ఒకటి చెప్తా. సొంతంగా ఏటీఆర్ రేటింగ్ చేసుకుని ఎనిమిది నెలలు ఇంట్లో ఉన్న అబ్బాయి స్క్రీనింగ్‌కి వచ్చాడు. పుస్తకం మొత్తం నోటికొచ్చు. సిమ్యులేటర్‌లో వీ1 (ఇక ఆగకుండా ఎగరాల్సిందే అనే వేగం) దాటగానే ఎడమ ఇంజిన్ ఫెయిల్ చేశాం. ఏటీఆర్‌లో ఆ క్షణాన సగం పని యంత్రమే చేసిపెడుతుంది: చచ్చిన ఇంజిన్ ప్రొపెల్లర్ దానంతటదే ఫెదర్ అవుతుంది (గాలికి అడ్డం లేకుండా రెక్కలు తిప్పుకుంటుంది), రెండోది తనే శక్తి పెంచుకుంటుంది. మిగిలింది కుడికాలి పని, ముక్కు పక్కకు తిరక్కుండా రడ్డర్ పెడల్ నొక్కడం. ఆ అబ్బాయి కుర్చీ ఒక గాటు వెనక్కి ఉంది. రడ్డర్ ఆఖరిదాకా నొక్కాలంటే కాలు చాలలేదు. కాలు చాలక నడుం ముందుకు జరిపాడు, దాంతో చెయ్యి కంట్రోల్ కాలమ్ మీద బరువేసింది, ముక్కు దిగింది. అద్దంలో రన్‌వే పక్కకు జారిపోయింది. కుర్చీ సర్దుకోవడం చెక్‌లిస్టులో మొదట్లోనే ఉంటుంది. తెలియక కాదు, ఎనిమిది నెలల్లో ఒంటికి మరుపొచ్చింది. 17 లక్షలు, ఒక గాటు.

అదే రోజు రేటింగ్ లేని అమ్మాయి, 340 గంటలు, ఏడాదిగా ఇన్‌స్ట్రక్టర్, రా డేటా ఐఎల్ఎస్ (ఆటోమేటిక్ సాయం లేకుండా, రన్‌వే దారి చూపే సూదిని చూస్తూ దిగడం) సూది కదలకుండా దించింది. ఎవర్ని తీసుకున్నామో చెప్పనక్కర్లేదనుకుంటా. రేటింగ్ మేం చేయించాం, బాండు రాయించుకున్నాం. చిన్న సంస్థలకు ఆ బాండు కూడా ఒక లాభమే. తన డబ్బుతో రేటింగ్ చేసుకున్నవాడు రేపు పెద్ద సంస్థ పిలిస్తే ఆరు నెలల నోటీసిచ్చి వెళ్లిపోతాడు.

రన్‌వే_09 · శనివారం ఉదయం 8:12

కెప్టెన్ గారూ, మీ కంపెనీ చేయించింది, సంతోషం. ప్రకటనల్లో "రేటింగ్ ఉన్నవారికి ప్రాధాన్యం" అని ఎందుకు వేస్తారు మరి? ఒక్క కుర్చీ గాటు చూపించి అందర్నీ ఆపేస్తే ఎలా? ఆగినోళ్లకి వయసు, వడ్డీ రెండూ పెరుగుతాయి. 35 లక్షల మీద నెలవారీ వడ్డీ ఎంతో మీకు తెలుసు.

డాలస్_సీఎఫ్ఐ · శనివారం ఉదయం 8:40

ఇక్కడ నుంచి చూస్తే మీ చర్చే వింతగా ఉంది. అమెరికాలో 200 గంటలవాళ్లని రీజనల్స్ (ప్రాంతీయ విమాన సంస్థలు) గేటు కూడా దాటనివ్వవు. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 కూలి 50 మంది పోయాక చట్టం మారింది. 2013 నుంచి ఫస్ట్ ఆఫీసర్‌కి కూడా 1,500 గంటలు. ఏవియేషన్ డిగ్రీ ఉంటే 1,000, మిలిటరీ నుంచి వస్తే 750. నాకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి సెస్నాలో పిల్లలకు నేర్పుతూ 1,310కి వచ్చా. 2022లో ఎన్వాయ్, పీడ్‌మాంట్ అనే రీజనల్స్ కొత్త ఫస్ట్ ఆఫీసర్‌కి గంటకు 90 డాలర్లన్నప్పుడు నా దగ్గర 300 గంటలున్నాయి. ఇప్పుడు గంటలొచ్చాయి, పిలుపులు నెమ్మదించాయి. నా తలరాత.

చదువుకోడానికి వచ్చి ఇక్కడే రీజనల్‌లో చేరదామనుకునేవాళ్లకి ఒక మాట: గ్రీన్ కార్డో పౌరసత్వమో లేకుండా ఆ ఆశ పెట్టుకోవద్దు. అసలు ప్రశ్నకొస్తే, 200 గంటలవాణ్ణి డెబ్భై మంది ప్రయాణికుల ముందు కూర్చోబెట్టడమే తప్పు. అంతే.

ఎడమసీటు_విశాఖ · శనివారం మధ్యాహ్నం 1:20

డాలస్ గారూ, కోల్గన్ పేరు మీరే తీశారు కాబట్టి. ఆ కెప్టెన్‌కి 3,379 గంటలు, కో-పైలట్‌కి 2,244. ఇద్దరూ 1,500 ఎప్పుడో దాటినవాళ్లే. స్టిక్ షేకర్ (విమానం పడిపోయేంత నెమ్మదించిందనే హెచ్చరిక) మోగినప్పుడు ముక్కు దించాల్సింది పోయి కెప్టెన్ వెనక్కి లాగాడు. అలసట, శిక్షణ లోపం, కాక్‌పిట్ క్రమశిక్షణ, ఇవీ ఆ ప్రమాదపు పాఠాలు. మా ఏటీఆర్‌నే తీసుకోండి. 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో 72 మంది పోయారు. ఫ్లాప్స్ లీవర్ అనుకుని రెండు ఇంజిన్ల కండిషన్ లీవర్లను ఫెదర్‌లోకి తోసి ప్రొపెల్లర్ల శక్తి పోగొట్టిన చెయ్యి ఇరవై వేల గంటలు దాటిన ఇన్‌స్ట్రక్టర్‌ది. యూరప్‌లో 200 గంటలవాళ్లు ఎన్నో ఏళ్లుగా కుడి సీటులో ఎగురుతున్నారు.

అలాగని గంటలకు విలువ లేదనను. సెస్నాలో 1,500 సార్లు ఎండలో చక్కర్లు కొట్టినవాడికంటే 300 గంటల్లో మబ్బులూ, ఎదురుగాలులూ, విద్యార్థి చేసే పిచ్చి తప్పులూ చూసినవాడు నాకు నయం. పెన్నుతో రాసిన గంటలైతే రెండు నిమిషాల్లో బయటపడతాయి. లాగ్‌బుక్కులో ఒకే రంగు సిరాతో మూడు నెలలుంటే అడుగుతాం.

డాలస్_సీఎఫ్ఐ · శనివారం మధ్యాహ్నం 1:58

కోల్గన్ అంకెలు సరే, ఒప్పుకుంటా. కానీ ఆ చట్టం వచ్చాక ఇక్కడి రీజనల్స్ భద్రత మెరుగుపడలేదంటారా? గంటల వల్లే అని నిరూపించలేను, మీరూ కాదని నిరూపించలేరు.

నాదర్‌గుల్_పాతకాపు · శనివారం సాయంత్రం 4:15

అమెరికా సంగతి అమెరికల ఉండనీ. అనంతపురం తమ్మీ, నువ్వు అడిగింది వేరే, వీళ్లు కొట్లాడేది వేరే.

నేను నాదర్‌గుల్‌ల నేర్సుకున్నోణ్ణి, ఇప్పుడు మహారాష్ట్రల ఒక స్కూల్ల ఇన్‌స్ట్రక్టర్. ఏఎఫ్ఐఆర్ చెయ్, అంటే అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్. దాని ఖర్చు టైప్ రేటింగ్ కంటె చానా తక్కువ. నాకు మొదట నెలకు నలభై వేలిచ్చిండ్రు, గది ఫ్రీ. జీతం తక్కువే, ఎండ ఎక్కువే. కాని చెయ్యి ఆడుతది, లాగ్‌బుక్కు నిండుతది. స్టూడెంట్ ఫ్లేర్ చెయ్యకుంట (దిగేముందు ముక్కు లేపకుంట) రన్‌వే మీదికి గుద్దవోతుంటే చివరి సెకండ్ల పట్టుకునుడు ఏ సిమ్యులేటర్‌ల నేర్పరు.

ఇంకోటి. ఏటీఆర్ ఒక్కటే గాదు. తొమ్మిది సీట్ల క్యారవాన్ నడిపే కంపెనీలున్నయ్. ఇండియావన్ ఎయిర్ ఒడిశాల చిన్న ఊర్లకు, వైజాగ్ నుంచి జయపురానికి గూడ తిప్పింది. ఎవ్వలూ అటు చూడరు, అందరికి పెద్ద బండే గావాలె. ట్రూజెట్ యాదికుందా? హైదరాబాద్ కంపెనీ, 2015ల తిరుపతికి మొదలైంది, 2017ల చిన్న ఊర్లకు విమానాలు తిప్పే సర్కారు స్కీం ఉడాన్ మొదలైన దినమే కడపకు ఎగిరింది. 2022ల బందైంది. చిన్న కంపెనీని నమ్ముకొని చేరు, గని దానికోసం భూమి అమ్మకు.

గుంటూరు_పైలట్_నాన్న · శనివారం రాత్రి 7:30

మా అబ్బాయి ఇప్పుడు జెట్ నడుపుతున్నాడు. నేను పైలట్‌ని కాదు, ఎరువుల కొట్టు. ఒకటే అడుగుతా బాబూ: ఆ ఏజెంటు రసీదు ఎవరి పేరు మీద ఇస్తానన్నాడు? శిక్షణ సంస్థ పేరు మీదా, తన పేరు మీదా? డీజీసీఏ ఆమోదం ఉన్న సంస్థేనా? ఉద్యోగం రాకపోతే ఎంత తిరిగిస్తారో కాగితం మీద ఉందా? "రెండే సీట్లు" అన్నమాట మా వాడికి 2017లో చెప్పారు. ఆ రెండు సీట్లు ఏడాదంతా అలాగే ఉన్నాయి.

మీ నాన్నగారితో తోట గురించి మాట్లాడొద్దు, వడ్డీ గురించి మాట్లాడండి. అసలు ఆపి కొన్నాళ్లు వడ్డీ మాత్రమే కట్టేలా బ్యాంకు వాళ్లు మాకు సర్దుబాటు చేశారు. మేనేజరు దగ్గరికి మీరిద్దరూ కలిసి వెళ్లండి.

అనంతపురం_212 · ఆదివారం ఉదయం 11:05

రసీదు గురించి ఇప్పుడే అడిగా. "ముందు గూగుల్ పే చెయ్, రసీదు తర్వాత" అన్నాడు. నాన్న పక్కనే ఉండి విన్నారు. ఏమీ అనలేదు, లేచి తోటలోకి వెళ్లిపోయారు.

ఎడమసీటు సర్, నేను మీ ముందు కూర్చుంటే పాసవుతానా? నిజంగా అడుగుతున్నా.

ఎడమసీటు_విశాఖ · ఆదివారం మధ్యాహ్నం 12:30

చివరిసారి ఎప్పుడు ఎగిరావు? మా ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్న ఒకటి ఇస్తా, నిజాయతీగా పెన్ను పేపరు లేకుండా చెప్పు. ఫిక్స్ (ఆకాశంలో నిర్ణయించిన బిందువు) వైపు 040 హెడింగ్‌లో వస్తున్నావు. హోల్డ్ (అక్కడే చక్కర్లు కొడుతూ ఆగడం) ఇన్‌బౌండ్ 270, కుడి టర్న్‌లు. ఎంట్రీ (ఆ చక్కర్లలోకి చేరే పద్ధతి) ఏది, ఫిక్స్ దాటాక హెడింగ్ ఎంత?

రన్‌వే_09 · ఆదివారం మధ్యాహ్నం 12:52

ఏజెంటుని వదిలెయ్, అది నేనూ ఒప్పుకుంటా. కానీ నేరుగా సెంటర్‌కి ఫోన్ చేసి ధర కనుక్కో. రేటింగ్ వద్దన్న మాట నేను ఇప్పటికీ ఒప్పుకోను. ప్రకటన పడ్డ రోజున నీ దగ్గర లేకపోతే అప్పుడు చేసుకునే టైముండదు. ఏఎఫ్ఐఆర్ చేస్తూ డబ్బు పక్కన పెట్టుకో, అదైతే సరే.

అనంతపురం_212 · ఆదివారం మధ్యాహ్నం 1:47

చివరిగా ఎగిరి ఐదు నెలలైంది సర్. మొదట పారలల్ ఎంట్రీ అనుకున్నా. పది నిమిషాల తర్వాత తప్పని తెలిసింది, కాబట్టి ఇంటర్వ్యూ అయితే పోయినట్టే.

అవుట్‌బౌండ్ 090, నా హెడింగ్‌కి కుడివైపు 50 డిగ్రీలు. టియర్‌డ్రాప్. ఫిక్స్ దాటాక 060 మీద ఒక నిమిషం, తర్వాత కుడికి తిరిగి 270 పట్టుకోవాలి.

పాతకాపు అన్నా, మీ స్కూల్లో ఏఎఫ్ఐఆర్ బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుంది?