క్రికెట్ కాకుండా ఈసారి ఆఫీసులో అథ్లెటిక్స్ పెడదామనుకుంటున్నాం, సలహాలు కావాలి

బెజవాడ_లెడ్జర్:
అందరికీ నమస్తే. మాది విజయవాడలో అకౌంట్స్ ఆఫీసు, పొద్దున కూర్చుంటే లేచేది సాయంత్రమే. ఏటా క్రికెట్ పెడతాం, ఆడేది ఎప్పుడూ ఆ పదిమందే, మిగతావాళ్లు చప్పట్లు కొట్టి భోజనాలు చేసి వెళ్లిపోతారు. అందుకే సంక్రాంతి లోపు, ఎండ ముదరకముందే, ఒక ఆదివారం 100 మీటర్లు, లాంగ్‌జంప్, షాట్‌పుట్, రిలే పెడదామని అడిగితే అందరూ సరేనన్నారు. 23 ఏళ్ల వాళ్ల నుంచి 54 దాకా ఉన్నారు, సగం మంది ఆడవాళ్లు, దాదాపు ఎవరూ స్కూల్ అయ్యాక గ్రౌండులో దిగింది లేదు. హర్డిల్స్ రన్నర్ జ్యోతి యర్రాజీని చూసినప్పటి నుంచి మా ఆఫీసులో ఒకమ్మాయి హర్డిల్స్ (అడ్డుకర్రల మీంచి దూకుతూ పరుగు) కూడా పెట్టాల్సిందే అంటోంది. షాట్‌పుట్ గుండు ఎంత బరువుది తీసుకోవాలి, ఎవరికీ దెబ్బలు తగలకుండా ఎలా చేయాలి, గ్రౌండ్ ఎక్కడైతే బాగుంటుంది? గెలవడం సంగతి పక్కన పెడితే, ప్రతి ఒక్కరూ అన్నీ ఒకసారి చేసి చూడాలని నా కోరిక.

పీఈటీ_గుంటూరు:
మంచి ఆలోచన సార్, పట్టుదలగా చేయండి. ముందు 100 మీటర్ల గురించి చెప్తాను, ఎందుకంటే ఆఫీసు పోటీల్లో కాళ్లు పట్టేసేది అక్కడే. ఫుల్ స్పీడులో కాలు ముందుకు విసిరినప్పుడు దాన్ని ఆపాల్సింది తొడ వెనక కండరం, సాగుతూనే బ్రేకు వేయాలి. రోజంతా కుర్చీలో ఉన్నవాళ్లకి ఆ కండరం దానికి అలవాటు పడి ఉండదు, ఫుల్ స్పీడులో దూరం లాగితే పట్టేస్తుంది. కాబట్టి 60 మీటర్లు పెట్టండి చాలు. అంతకుముందు రెండు మూడు వారాలు, వారానికి రెండుసార్లు, ముప్పావు స్పీడుతో నాలుగైదు పరుగులు తీయించండి. ఆ రోజు కూడా పావుగంట వార్మప్ లేకుండా ఎవర్నీ లైన్ మీద నిలబెట్టొద్దు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, 40 దాటి అసలు వ్యాయామం లేనివాళ్లు ముందే డాక్టర్‌ని అడిగి రావాలి, ఇందులో మొహమాటం వద్దు.

షాట్‌పుట్‌లో మగవాళ్ల గుండు 7.26 కిలోలు, ఆడవాళ్లది 4 కిలోలు. మీరు అందరికీ 4 కిలోలదే పెట్టండి, మగవాళ్లకీ అదే. బరువైన గుండు ఇస్తే క్రికెట్ బంతిలా భుజం వెనక్కి తీసి విసురుతారు, మోచెయ్యి పోతుంది. గుండు మెడకి ఆనించి ఉంచాలి, అక్కణ్ణుంచి నెట్టాలి, విసరకూడదు. సర్కిల్ వ్యాసం 2.135 మీటర్లు, సున్నంతో గీసుకోవచ్చు.

ఆడవాళ్ల 100 మీటర్ల హర్డిల్స్‌లో హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు, కొత్తవాళ్లకి అది వద్దేవద్దు. ఖాళీ అట్టపెట్టెలు మోకాలి కిందకి ఉండేలా పేర్చండి, మూడు చాలు, తగిలినా అవే పడిపోతాయి. అసలు హర్డిల్ దొరికితే ఒక్క జాగ్రత్త: అది పరిగెత్తే వైపు నుంచి తగిలితేనే పడుతుంది, వెనకవైపు నుంచి దూకితే పడదు, మనిషి పడతాడు.

కౌంటర్_నంబర్_3:
నేను గుంటూరులో ఒక బ్యాంకులో చేస్తాను. మేం పోయినేడాది ఇలాగే చేశాం, ఆడవాళ్లు ఎక్కువ ఇష్టపడింది షాట్‌పుట్టే, నేనైతే అస్సలు ఊహించలేదు. మా క్యాష్ సెక్షన్ మేడం ఒకరున్నారు, రిటైర్మెంట్ దగ్గరపడింది, మొదట చున్నీ నడుముకి కట్టుకుని ఊరికే చూస్తూ నిలబడ్డారు. ఎవరో చేతిలో గుండు పెడితే, అరచేతిలో కాకుండా వేళ్ల మొదట్లో ఆనించుకోమని పీఈటీ సార్ చూపించగానే రెండడుగులు పక్కకి వేసి నెట్టారు. మట్టిలో గుంట పడింది. ఆవిడే వెళ్లి ఆ గుంటలో వేలు పెట్టి చూసి, టేపు ఇక్కణ్ణుంచి పట్టమ్మా అని నాతో అన్నారు, ఇంక లైన్‌లోంచి కదల్లేదు. బెజవాడ గారూ, ఆడవాళ్లకి విడిగా మూలన పెట్టకండి, ఒకే సర్కిల్, ఒకే వరుస. బట్టలు, బూట్ల సంగతి ముందు రోజే చెప్పండి, చెప్పులతో వచ్చినవాళ్లు జంప్ చేయలేక ఆగిపోతారు. బాత్రూమ్ లేని గ్రౌండ్ మాత్రం తీసుకోవద్దు, దయచేసి.

రిలే_నాలుగోవాడు:
రిలే చివర్లో పెట్టండి, టీములు చీటీలు తీసి కలపండి, మేనేజరూ అటెండరూ ఒకే టీములో పడాలి. బాటన్ (చేతులు మారే కర్ర) మార్చుకునే చోటు 4x100 రిలేకి ఇప్పటి రూల్స్‌లో 30 మీటర్లు, అదంతా వాడుకోవచ్చు. తీసుకునేవాడు నిలబడి చెయ్యి చాపితే ఇచ్చేవాడు వచ్చి గుద్దుకుంటాడు. తీసుకునేవాడు ముందే పరుగు అందుకోవాలి, వెనకవాడు ‘హా’ అనగానే చెయ్యి వెనక్కి పెట్టాలి, తిరిగి చూడకూడదు. ఇది లంచ్ టైములో ఆఫీసు వరండాలో నడుస్తూ కూడా ప్రాక్టీసు చేయొచ్చు. పెద్దగా స్పీడు లేని టీము కూడా బాటన్ బాగా మార్చి గెలవడం నేను చూశాను.

బెజవాడ_లెడ్జర్:
అందరికీ చాలా థాంక్స్. 60 మీటర్లు, 4 కిలోల గుండు, చీటీల రిలే ఖాయం. కౌంటర్ మేడం గారు చెప్పినట్టు ఒకే సర్కిల్. జావెలిన్ కూడా అడుగుతున్నారు, నీరజ్ చోప్రా ప్రభావం. లాంగ్‌జంప్‌కి కొలత ఎలా? గ్రౌండ్ ఇంకా తేలలేదు.

పీఈటీ_గుంటూరు:
జావెలిన్ వద్దు సార్. మొన తేలిన 800 గ్రాముల ఈటె, అటూఇటూ జనం తిరిగే చోట కొత్తవాళ్ల చేతిలో పెట్టకూడదు. టెన్నిస్ బంతి ఎంత దూరం విసురుతారో పెట్టండి. లాంగ్‌జంప్‌లో కాలు లేపే బోర్డుకి అన్నిటికంటే దగ్గరగా ఇసుకలో పడ్డ గుర్తు నుంచి కొలుస్తారు, వెనక్కి చెయ్యి ఆనితే ఆ గుర్తే లెక్క. మీవాళ్లకి బోర్డు దాటితే ఫౌల్ అనే రూల్ వద్దు, కాలు ఎక్కణ్ణుంచి లేస్తే అక్కణ్ణుంచే కొలవండి, ఏడెనిమిది అడుగుల పరుగు చాలు. ముందు ఇసుక మొత్తం పారతో తిరగేసి గాజుపెంకులు ఏరించండి.

సింథటిక్ ట్రాక్ మీద పరిగెత్తాలని ఉంటే నాగార్జున యూనివర్సిటీలో అడగండి, 2017లో జాతీయ జూనియర్ అథ్లెటిక్స్ అక్కడే జరిగాయి, పర్మిషన్‌కి ముందే లెటర్ పెట్టుకోవాలి. లేదంటే మీ దగ్గర బందరు రోడ్డు మీద మున్సిపల్ స్టేడియం ఆఫీసులో కనుక్కోండి. పొద్దున ఆరున్నరకి మొదలెట్టి పదిలోపు ముగించండి. తేదీ ఖాయమైతే ఇక్కడే రాయండి, ఆదివారం అయితే టేపు, జెండాలు, విజిల్ తీసుకుని నేను వస్తాను.