తుంటి ఆపరేషన్ తర్వాత నాన్నగారి మతిమరుపు: ఎంఆర్ఐ తీయించాలా?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. 74 ఏళ్ల నాన్నగారు కొబ్బరితోటలో జారిపడితే కాకినాడలో తుంటి ఆపరేషన్ చేయించాం. మొదటి మూడు రాత్రులూ కలవరించారు. పెద్దవయసులో ఇలాంటి డెలీరియం (ఉన్నట్టుండి మతి తికమకపడటం) తరచూ వస్తుందని డాక్టరు గారు చెప్పారు. సీటీ స్కాన్‌లో మెదడులో రక్తస్రావమేమీ కనిపించలేదు. కానీ ఆరు వారాలైంది. పొలం గట్ల హద్దులన్నీ నోటికి చెప్పగలిగిన మనిషి, కాలువకు నీళ్లు వదిలారా అని గంటకోసారి అడుగుతున్నారు. చూస్తుంటే గుండె తరుక్కుపోతోంది.

జ్ఞాపకశక్తిలో ఈ మందగింపు చాలామందిలో కొన్ని నెలల్లో తగ్గుతుందని చదివాను. ఎంఆర్ఐ ఇప్పుడే తీయించాలా, ఇంకొంత ఆగి జ్ఞాపకశక్తి పరీక్షలతో కలిపి చేయించాలా? హిప్పోక్యాంపస్ (మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన భాగం) కుంచించుకుపోయినట్టు తేలితే, ఆపరేషన్‌కు ముందే అల్జీమర్స్ మొదలైందని అనుకోవాలా? ఇంట్లో ఇలాంటి పెద్దవారిని చూసుకున్నవారు, నరాల వైద్యులు దయచేసి చెప్పండి.