పాత పీసీ విప్పకుండా లోపల ఏ ప్రాసెసర్ ఉందో అంగట్లోనే ఎట్ల చూడాల?

అనంత_డిగ్రీ
అన్నా, అనంతపురంలో సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ ఒకటి చూసి పెట్టినా. డబ్బా మీద ఐ7 స్టిక్కర్ ఉంది. ఏ జనరేషన్ (ఏ తరం మోడల్) అంటే "ఐ7 అంటే ఐ7నే" అంటారు, విప్పనియ్యరు. విండోస్ 10 ఉంది. డబ్బులిచ్చే ముందే తేల్చుకునేది ఎట్ల?

కడప_సర్వీస్
స్టిక్కర్‌ను పక్కన పెట్టు, అవి విడిగానే దొరుకుతాయి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్న విండో వస్తే కింద 'మోర్ డీటెయిల్స్' నొక్కు. పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే కుడివైపు పైన పూర్తి పేరు కనపడుతుంది.

ఐ7 పక్కన గీత తర్వాత ఉండే నంబరే అసలు సంగతి. 2600 అంటే 2వ జనరేషన్, 8700 అంటే 8, 12700 అంటే 12. ఐ7-860 మాదిరి మూడంకెలే ఉంటే మొదటిది. నంబర్ చివర ఎఫ్ ఉంటే చిప్పులో గ్రాఫిక్స్ లేదని. వేరే కార్డు లేకుంటే మానిటర్‌కు డిస్‌ప్లే రాదు.

కర్నూలు_బెంచి
పేరొక్కటే చూసి నమ్మొద్దు. సెట్టింగ్స్‌లో కనపడే పేరు రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) నుంచి వస్తుంది. విండోస్ ఆన్ అయినప్పుడల్లా దాన్ని మార్చేట్టు చిన్న స్క్రిప్ట్ పెట్టేవాళ్లు ఉన్నారు. అదే టాస్క్ మేనేజర్‌లో కింద కోర్లు, లాజికల్ ప్రాసెసర్లు అని రెండు లెక్కలుంటాయి, అవి చూడు. ఐ7-2600కు 4, 8 రావాల. 4, 4 వచ్చిందంటే అది ఐ7-2600 కాదు, ఐ5-2400 లాంటిదేదో ఉంది.

ఇంకా అనుమానముంటే రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందే నడిచే బోర్డు సెట్టింగులు) పో. డెల్‌కు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, అసెంబుల్డ్ బోర్డులకు ఎక్కువగా డిలీట్ కీ. విండోస్‌లో చేసిన మాయ అక్కడ పారదు.

హీట్‌సింక్ (ప్రాసెసర్ మీద వేడి లాగే లోహపు ముక్క) మాత్రం విప్పమనొద్దు. దాని కింది పాత పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, కొత్తది వెయ్యకుండా బిగిస్తే వేడెక్కి స్పీడ్ పడిపోతుంది.

అనంత_డిగ్రీ
చూసినా అన్నా. ఐ7-2600, బేస్ స్పీడ్ 3.40, కోర్లు 4, లాజికల్ 8. బయోస్‌లోనూ అదే. విండోస్ 11 ఎక్కుతుందా?

కడప_సర్వీస్
చిప్పు అసలుదే, కానీ 2011 నాటిది. విండోస్ 11కు ఇంటెల్‌లో మామూలుగా 8వ జనరేషన్ నుంచే అధికారిక సపోర్ట్, టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే భాగం) కూడా ఉండాల. అడ్డదారిలో ఎక్కించొచ్చు, అప్‌డేట్లకు గ్యారంటీ లేదు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కోడింగ్ నేర్చుకునేదానికైతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసుకో, హాయిగా నడుస్తుంది. అందులో టెర్మినల్ తెరిచి 'ఎల్ఎస్‌సీపీయూ' (lscpu) కొడితే ఇదే వివరమంతా వస్తుంది.

కర్నూలు_బెంచి
తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుందాంలే అనుకోవద్దు. ఆ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ 1155, బయోస్ ఒప్పుకుంటే 3వ జనరేషన్ దాకా పోతావు, అంతే. 8వ జనరేషన్ కావాలంటే బోర్డూ మారాల, ర్యామ్ డీడీఆర్3 కాబట్టి అదీ మారాల. 'ఐ7 రేటు' అంటే ఒప్పుకోకు. ఎస్ఎస్‌డీ వాళ్లతోనే వేయించుకుని, 2వ జనరేషన్ రేటుకు బేరమాడు.