పెట్టినవాళ్లు వెళ్లిపోయినా పద్ధతి ఎందుకు పోదు?

ప్రశ్న:
మా టీమ్ మీటింగుల్లో ఎవరూ "నాకు తెలియదు" అనరు. తెలియకపోయినా "చూసి చెప్తాను" అంటారు. ఒకప్పటి మేనేజర్ తెలియదన్నవాళ్లని అందరి ముందూ నిలదీసేవారట. ఆయనా లేరు, ఆయన కింద పనిచేసినవాళ్లూ లేరు. అయినా కొత్తగా చేరినవాళ్లకి నెల తిరక్కుండానే ఇదే అలవాటవుతోంది. ఎవరు నేర్పుతున్నారు? మార్చడానికి వీలుందా? తప్పులు ఆలస్యంగా బయటపడుతున్నాయి, అదే నా టెన్షన్.

జవాబు 1:
నేర్పుతున్నారండీ, నోటితో కాదంతే. కొత్తవాళ్లు ఆ మాట అనగానే గదిలో ఒక్క క్షణం అందరూ ఆగిపోతారు, ఇద్దరు మొహాలు చూసుకుంటారు. అది చాలు.

జవాబు 2:
నేను సోషల్ సైకాలజీ పాఠాలు చెబుతాను. మీ ప్రశ్న చూడగానే జేకబ్స్, క్యాంప్‌బెల్ 1961లో ప్రచురించిన ప్రయోగం గుర్తొచ్చింది. చీకటిగదిలో కదలని వెలుగుచుక్క కూడా కదులుతున్నట్టే కనిపిస్తుంది. ఎంత కదిలిందో పైకి చెప్పాలి. ఒంటరిగా చూసినవాళ్లు చెప్పింది సగటున సుమారు 4 అంగుళాలు. గుంపుల్లో మాత్రం ముందే మాట్లాడిపెట్టుకున్న కొందరిని కూర్చోబెట్టి 15 అంగుళాలకు పైగా చెప్పించారు. తర్వాత విడతకొకరు చొప్పున పాతవాళ్లని పంపేసి కొత్తవాళ్లని తెచ్చారు. అబద్ధం మొదలుపెట్టినవాళ్లంతా వెళ్లిపోయాక కూడా, ఏమీ తెలియని కొత్తవాళ్లు పెద్ద అంకెలే చెప్పారు! వాళ్లకి పక్కవాళ్ల మాటే ఆధారం. కానీ విడతవిడతకీ అంకె తగ్గుతూ, నాలుగైదు విడతల్లో మామూలుకొచ్చేసింది. నాకు ఇదే ముఖ్యం. మీ దగ్గర అలా అరిగిపోవడం లేదంటే, ఇప్పటికీ దాన్ని ఏదో నిలబెడుతోంది. తెలియదన్నవాళ్లకి ఇప్పుడేం జరుగుతోందో చూడండి.

జవాబు 3:
మార్చడం గురించి: డేమన్ సెంటోలా బృందం 2018లో ఆన్‌లైన్ గుంపులతో ఒక ఆట ఆడించింది. చూపించిన ఫొటోకి అందరూ ఒకే పేరు పెట్టడం అలవాటయ్యాక, కొందరు పట్టుబట్టి వేరే పేరు వాడారు. వాళ్లు గుంపులో సుమారు 25 శాతానికి చేరితే మిగతావాళ్లూ మారిపోయారు. అంతకు తక్కువైతే ఫలితం లేదు.

జవాబు 2:
నిజమే, కానీ ఆ ఆటలో బాస్ లేరు, అప్రైజల్ లేదు. ఆఫీసులో అదే అంకె పనిచేస్తుందని నేను నమ్మను. పై హోదాలో ఉన్నవాళ్లు ఒకరు ముందు అనాలి.

అడిగినవారు:
అప్రైజల్ మాట సరిగ్గా తగిలింది. మా ఫారంలో "సందేహం లేకుండా జవాబిస్తారు" అన్నదానికి ఇప్పటికీ మార్కులున్నాయి. ముందు ఆ లైను తీసేయమని మేడమ్‌ని అడుగుతాను. మేం 11 మందిమి, ముగ్గురం సిద్ధంగా ఉన్నాం.