తులసి కుండీ చుట్టూ నల్ల ఈగలు: మినియాపొలిస్‌కు కొత్తగా వచ్చినవారికి జవాబులు

ఆమదాలవలస నుంచి, ప్రస్తుతం మినియాపొలిస్:

పెద్దలందరికీ నమస్కారం. మా వారి ఉద్యోగం వల్ల ఈ సెప్టెంబరులోనే ఇక్కడికి వచ్చాం. అపార్టుమెంటులో మూడో అంతస్తు. వంటగది కిటికీ దగ్గర తులసి, కరివేపాకు, మనీప్లాంట్ పెట్టుకున్నాను. చలి మొదలైనప్పటి నుంచి నువ్వుగింజంత నల్ల ఈగలు ఇల్లంతా తిరుగుతున్నాయి. దీపం పెట్టబోతే ముఖం మీదికి వస్తాయి, కాఫీ కప్పులో పడతాయి. సన్నగా, పొడుగు కాళ్ళతో దోమల్లానే ఉన్నాయి. ఇంట్లో చంటిపాప ఉంది, అదే నా భయం. ఇంటి యజమానికి చెబితే కుండీలన్నీ పారేయమన్నారు. అత్తగారేమో ఫోనులో, తులసిని పారేయడమేమిటని కోప్పడుతున్నారు. బయట పెడదామంటే మంచు. ఏం చేయమంటారు?

బొబ్బిలి నుంచి, ప్రస్తుతం న్యూజెర్సీ:

అమ్మాయీ, ముందు పాప సంగతి. అవి కుట్టవు, రక్తం తాగవు, జ్వరాలు తేవు. సాలూరు, పార్వతీపురం వైపు పెరిగినవాళ్ళకు గోడ మీద పొడుగుకాళ్ళ పురుగు కనిపిస్తే మలేరియా రోజులే గుర్తొస్తాయి కానీ, ఇది ఆ జాతి కాదు. ఇక్కడ వీటిని ఫంగస్ న్యాట్స్ అంటారు. పుట్టేది నీ కుండీలోని తడిమట్టిలోనే.

అలాగని నా మాట నమ్మి వెంటనే మందు కొనకు, ముందు పోల్చుకో. వంటగదిలో ఎగిరేవన్నీ ఒకటి కావు. అరటిపళ్ళ మీద, తడిచెత్త మీద మూగేవి పండు ఈగలు. ఒళ్ళు లేత గోధుమరంగులో ఉంటుంది, చాలావాటికి కళ్ళు ఎర్రగా ఉంటాయి. స్నానాలగది గోడకు రెక్కలు పరుచుకుని, ఒంటినిండా నూగుతో కనిపించేవి మురుగు గొట్టంలోంచి వచ్చేవి. వాటికి గొట్టం లోపలి పాచిని తోమి కడగడమే వైద్యం. నీవి మట్టి మీద గబగబా పరుగెడుతూ, కుండీ కదిపితే లేచి, రెండడుగులు ఎగిరి, మళ్ళీ అంచు మీదే వాలుతుంటే మాత్రం అవి ఫంగస్ న్యాట్సే. గట్టిగా ఎగరలేవు పాపం. చచ్చినదాన్ని తెల్ల కాగితం మీద పెట్టి ఫోను కెమెరాలో పెద్దది చేసి చూడు. రెక్క మీద ఇంగ్లీషు వై అక్షరంలా చీలిన ఈనె కనిపిస్తుంది.

ఇంకా అనుమానముంటే బంగాళదుంప పరీక్ష ఉంది. పచ్చి దుంపను మందంగా చక్రంలా కోసి, ఆ చక్రాన్ని మట్టికి ఆనేలా ప్రతి కుండీలోనూ అదిమి పెట్టు. మూడు నాలుగు రోజులయ్యాక తిప్పి చూడు. లోపలి పేగు కూడా కనిపించేంత పారదర్శకంగా, తల మాత్రం నల్లగా నిగనిగలాడుతూ, అర సెంటీమీటరు పొడవున్న పురుగులు దుంపను పట్టుకుని ఉంటాయి. ఆ పురుగులే నీ అసలు శత్రువులు. ఎగిరే ఈగ బతికేది వారం, పది రోజులు. ఆలోపే ఆడ ఈగ మట్టి పగుళ్ళలో 100 నుంచి 200 దాకా గుడ్లు పెట్టిపోతుంది. గది 24 డిగ్రీల వెచ్చదనంలో ఉంటే గుడ్డు మళ్ళీ ఈగ కావడానికి సుమారు 17 రోజులు చాలు. అందులో ఎక్కువ కాలం పురుగుగా మట్టిలోనే గడుస్తుంది. కాబట్టి చప్పట్లు కొట్టి ఈగల్ని చంపుతూ కూర్చుంటే చేతులు నొప్పెట్టడం తప్ప ఫలితం లేదు.

ఇక కారణం. మన ఊళ్ళలో తులసికోట వాకిట్లోనో పెరట్లోనో ఉంటుంది. పొద్దున చెంబెడు నీళ్ళు పోస్తే మధ్యాహ్నానికల్లా ఎండా గాలీ కలిసి ఆరబెట్టేస్తాయి. మీ ఊళ్ళో ఈ నెలల్లో సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి పడుతుంది. ఎండ లేక మొక్క ఎదగదు, ఎదగని మొక్క నీళ్ళు తాగదు. పైగా ఇక్కడ సంచుల్లో అమ్మేది నిజానికి మట్టి కాదు. పీట్ నాచు, చెట్ల బెరడు, కొబ్బరిపొట్టు కలిపిన మిశ్రమం. ఒకసారి నానిందంటే ఓ పట్టాన ఆరదు. ఆ తడిలో బూజు పడుతుంది, పురుగులకు అదే తిండి. అది చాలకపోతే లేత వేళ్ళు కూడా కొరుకుతాయి. నువ్వు రోజూ చెంబుతో పోస్తున్నావని నాకు అనుమానం. బియ్యం కడుగునీళ్ళు, వాడేసిన టీ పొడి కూడా వేస్తున్నావేమో. వేస్తుంటే ఈ చలికాలం ఆ సేవలన్నీ ఆపేయి. పైన రెండంగుళాల మట్టి పొడిపొడిగా ఆరేదాకా నీళ్ళు పోయకు. తర్వాత పోసినా, కింద పళ్ళెంలో దిగిన నీటిని అరగంటలో పారబోయి.

ఆరబెడితేనే చాలావరకు తగ్గుతాయి. మిగతా వాటికి బి.టి.ఐ. (బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్) అనే బాక్టీరియా ఉంది. దోమ పిల్లలను చంపడానికి వాడేదే. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో దొరికింది. పురుగు తిన్నాకే దాని పేగులో విషంగా మారుతుంది, మనకూ పెంపుడు జంతువులకూ హాని చేయదు. తోటసామాను కొట్లలో మస్కిటో బిట్స్ అని గుళికలుగా అమ్ముతారు. డబ్బా మీది కొలత ప్రకారం అరగంట నీళ్ళలో నానబెట్టి, వడగట్టి, మట్టికి పోసేవంతు వచ్చినప్పుడు ఆ నీళ్ళే పోయి. వడగట్టమని ఎందుకన్నానంటే, ఆ గుళికలు గింజలు తీసిన మొక్కజొన్న కండెతో చేసినవి. కుండీ మీద వదిలేస్తే వాటికే బూజు పడుతుంది. ఒకసారితో పోదు. గుడ్డునూ గూటిపురుగునూ ఎగిరే ఈగనూ అది ఏమీ చేయదు గనుక, వారానికోసారి చొప్పున మూడు నాలుగు వారాలు పోయాలి. కొనేటప్పుడు పేరు చివర ఇజ్రాయెలెన్సిస్ అని ఉందో లేదో చూడు. కుర్స్టాకి అని ఉంటే అది గొంగళిపురుగుల మందు, నీకు పనికిరాదు.

గదిలో కొట్టే పురుగుమందు స్ప్రేల జోలికి మాత్రం పోకు. తులసి తీర్థంలోకి, కరివేపాకు పోపులోకి వెళ్ళేవి.

రాజాం నుంచి, ప్రస్తుతం డల్లాస్:

చెల్లెమ్మా, అంత హంగామా అక్కరలేదు. మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్ళు కలిపి పోయండి. మట్టి బుసబుసా పొంగుతుంది, పురుగులు చస్తాయి. పైన దాల్చినచెక్క పొడి చల్లండి. పక్కన ఒక గిన్నెలో వెనిగర్, రెండు చుక్కల సబ్బు పెట్టండి. మా ఇంట్లో ఇంతే.

బొబ్బిలి, న్యూజెర్సీ:

తమ్ముడూ, వెనిగర్ గిన్నెలో పడేవి ఎక్కువగా పండు ఈగలు. నీకు బాగా పనిచేసిందంటే మీ ఇంట్లో ఉన్నవి అవేనేమో చూసుకో. దాల్చినచెక్క సువాసనకు మించి ఏం చేస్తుందో నాకు నమ్మకం లేదు; పులావులో వేసుకుంటే మేలు. పెరాక్సైడ్ తగిలిన పురుగు చస్తుంది, నిజమే. కానీ కాసేపట్లో నీరూ గాలీ అయిపోతుంది. తగలని గుడ్లు అలాగే ఉంటాయి, నువ్వేమో మళ్ళీ మట్టిని తడిపావు.

ఆమదాలవలస, మినియాపొలిస్:

అక్కా, దుంప పరీక్ష చేశాను. తులసి కుండీలో చక్రం తిప్పగానే మీరు చెప్పిన నల్లతల పురుగులు కనిపించాయి. కరివేపాకులో ఒక్కటీ లేదు. మనీప్లాంట్‌లో మాత్రం చక్రం కనిపించనంతగా ఉన్నాయి! ఎందుకా అని చూస్తే, అందం కోసం కుండీని ఇంకో రంగు కుండీలో పెట్టాను కదా, ఆ బయటి కుండీ అడుగున నాలుగు వేళ్ళ మందాన నీళ్ళు నిలిచి వాసన వస్తున్నాయి. పారబోసి కడిగాను. మీ అనుమానం నిజమే, కడుగునీళ్ళు పోస్తున్నాను, ఆపేస్తాను. కానీ తులసికి రోజూ నీళ్ళు పోయకపోతే అత్తగారికి ఏం చెప్పాలి?

విజయనగరం:

మా అబ్బాయి కెనడాలో ఉండటం వల్ల ఈ ఉత్తరాలు నాకూ అందుతున్నాయి. తల్లీ, ఈ ఈగ పరాయి దేశపు వింత అన్నట్టు అందరూ మాట్లాడుతున్నారు. వరిగడ్డి మీద ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచే నాలాంటివాణ్ణి అడగండి దీని సంగతి. షెడ్డు కిటికీలకు సన్నటి వల కట్టకపోతే, ఈగలు సంచుల్లో గుడ్లు పెడతాయి. పురుగులు బూజుతంతువుల్ని తినేసి పంటను పాడుచేస్తాయి. తడి, బూజు, మూసిన గది ఉన్నచోటల్లా ఉంటాయి. మీ వంటగది ఇప్పుడు మా షెడ్డులాంటిదే.

మేం చేసేది చెబుతాను. పసుపు రంగంటే వాటికి ఇష్టం. పసుపు అట్టకు ఆముదం పూసి వేలాడదీస్తాం. మీ దగ్గర జిగురు పూసినవే దొరుకుతాయి. కుండీల్లో అయితే నిలబెట్టడం కన్నా మట్టికి కాస్త పైన పడుకోబెట్టినట్టు ఉంచండి, మట్టిలోంచి లేచినవి లేచినట్టే అంటుకుంటాయి. పాప చేతికి అందనివ్వకండి, ఆ జిగురు వదలదు. అట్టలతో ఈగలు పూర్తిగా పోవు, కానీ వారం వారం లెక్క తెలుస్తుంది. తగ్గుతున్న అట్టల ఫోటోలు ఇంటి యజమానికి పంపితే ఆయనా నెమ్మదిస్తాడు.

వేపచెక్క (నూనె తీసిన వేపగింజల పిండి) వేయమని ఎవరో ఒకరు చెప్పకముందే నేను చెబుతున్నాను: ఆరుబయట పొలానికి అది బంగారం. మూసిన గదిలో తడి కుండీ మీద చల్లితే దానికే బూజు పడుతుంది. కొత్త మట్టి సంచి విప్పితే మూతి గట్టిగా కట్టి పెట్టండి. తెరిచి వదిలేసిన తడి సంచిలోనే ఈగలు కాపురం పెడతాయి. కొత్త మొక్క కొంటే రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచి, తర్వాత మిగతా వాటితో కలపండి.

బొబ్బిలి, న్యూజెర్సీ:

బాబాయిగారూ, ఆముదం అట్ట సంగతి నాకు తెలియదు, రాసుకున్నాను.

అమ్మాయీ, అత్తగారికి చెప్పాల్సింది తేలికే. రోజూ నీళ్ళు పోయడం మానవద్దు, చెంబు మానేయి. ఉద్ధరిణితో ఒక్కసారి మొదట్లో వదిలి నమస్కారం చేసుకో. దానివల్ల మట్టి తడవదు, నియమం తప్పదు. ఆరిన తర్వాత అసలు తడి వేరే పెట్టు. అది కూడా, మందు నీళ్ళు పోసేటప్పుడు తప్ప, పైనుంచి కాకుండా, కుండీని నీళ్ళున్న పళ్ళెంలో పావుగంట ఉంచి తీసేస్తే అడుగు వేళ్ళకు అందుతుంది, ఈగలు గుడ్లు పెట్టే పైమట్టి పొడిగా ఉంటుంది. తులసిని కిటికీ అద్దానికి ఆనించకు, ఆ చలికి ఆకు నల్లబడుతుంది.

కరివేపాకు చలికాలంలో ఆకులు రాల్చితే కంగారుపడి నీళ్ళు పోయకు. చాలావరకు నిద్రపోతున్నదే, వసంతంలో చిగురిస్తుంది. కొత్తది కావాలంటే దగ్గర్లో ఎవరినైనా పిలక అడుగు. నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు కరివేపాకు మీద కూడా ఉంటుంది కాబట్టి ఫ్లోరిడా, కాలిఫోర్నియా లాంటి చోట్ల నుంచి మొక్క తెప్పించడానికి ఆంక్షలున్నాయి. ఊరి నుంచి వచ్చేవాళ్ళతో తులసికోట మట్టి మాత్రం తెప్పించకు. అనుమతి లేకుండా విదేశీ మట్టిని విమానాశ్రయంలో రానివ్వరు.

టెక్కలి నుంచి, ప్రస్తుతం సెయింట్ పాల్:

మేం మీకు దగ్గర్లోనే ఉన్నాం. మస్కిటో బిట్స్ సగం డబ్బా, జిగురు అట్టలు కొన్ని మా దగ్గర మిగిలాయి. కరివేపాకు పిలకలు కూడా ఉన్నాయి, కానీ ఈ చలిలో కారుదాకా తెచ్చేలోపే పాడైపోతాయి, అవి మే నెలలో ఇస్తాను. ఆదివారం పాపను తీసుకుని భోజనానికి రండి. చిరునామా విడిగా పంపుతాను.