శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నీళ్లకు బయటి దేశాల సాయం తీసుకోవాలా, వద్దా?

కొబ్బరితోట:
మొన్న మా ఊళ్లో పెళ్లి. భోజనాల దగ్గర మాట నీళ్ల మీదకు మళ్లింది. "ఇన్నేళ్లుగా కిడ్నీలు పోతున్నాయి, మనవల్ల కాదని తేలిపోయింది, బయటి దేశాలను అడగాల్సిందే" అన్నాడు మా చిన్నాన్న. "బయటోడు ఊరికే ఇస్తాడా? అప్పిచ్చి వడ్డీ గుంజుతాడు" అన్నాడు మా బావ. పెరుగు వడ్డించేదాకా తేలలేదు. నేను చిన్నాన్న వైపు. 2010 జులై 28న తాగునీరు మానవ హక్కు అని ఐక్యరాజ్యసమితి తీర్మానించింది. 122 దేశాలు ఔనన్నాయి, 41 తటస్థంగా కూర్చున్నాయి, కాదన్నది ఒక్కటీ లేదు. ఔనన్నవాటిలో మన దేశమూ ఉంది. హక్కు అన్నాక అడగడానికి నామోషీ ఎందుకు?

జీడిబద్ద:
తీర్మానం తిప్పితే నీళ్లు రావు కదా అన్నా. హిరమండలం నుంచి ఏడు మండలాలకు వంశధార నీళ్లు తెచ్చింది మనవాళ్లే. 700 కోట్ల సుజలధార తాగునీటి పథకం, 2023 డిసెంబరులో ప్రారంభించారు. (ఏ పార్టీ కట్టిందన్న గొడవ మాత్రం ఇక్కడ పెట్టకండి, దండం పెడతాను.) మన డబ్బుతో, మన ఇంజనీర్లతో అయిన పనికి మళ్లీ ఊరి మీద పడి అడుక్కోవడం ఏటి?

నాగావళి గట్టు:
దేశాలతో సహకారం తర్వాత చూద్దాం, ముందు ఒడిశాతో కుదరనీయండి. వంశధారలో చెరి సగం అని 1962లోనే అనుకున్నారు. 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో తీర్పొచ్చింది. ఆ నది మీద కట్టాల్సిన నేరడి బ్యారేజీ ఇంకా కాగితం మీదే ఉంది. పక్కింటోడితో గట్టు తగాదా తెగలేదు గానీ...

రిటైర్డ్ ఏఈ:
ముప్పై ఏళ్లు అసిస్టెంట్ ఇంజనీరుగా బోరింగులు, ట్యాంకుల చుట్టూ తిరిగినవాణ్ణి. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

జీడిబద్ద బాబూ, మీ వీధి చివర బోరింగు ఉంటుంది కదా, దాని సంగతి తెలుసా? 1967లో బీహార్ కరువప్పుడు రాతి నేలలో బోర్లు వేసే యంత్రాలను ఐక్యరాజ్యసమితి పిల్లల సంస్థ యూనిసెఫ్ తెప్పించింది. బోర్లు పడ్డాయి గానీ వాటి మీద బిగించిన పంపులు నిలవలేదు. అవి విదేశాల్లో ఒక కుటుంబం వాడుకునే పోత ఇనప పంపులకు నకళ్లు. మన దగ్గర ఊరంతా వంతులేసుకుని పొద్దుగూకులూ కొడతారు, అవేం ఆగుతాయి? మహారాష్ట్రలో షోలాపూర్ వైపు తయారైన ఓ మొరటు పంపును పట్టుకుని, యూనిసెఫ్, మన ప్రభుత్వం, మన ఫ్యాక్టరీవాళ్లు కలిసి 1970ల్లో దాన్ని తీర్చిదిద్దారు. అదే ఇండియా మార్క్ టూ. పేటెంటు ఎవరి చేతిలోనూ పెట్టలేదు. ఇప్పుడు ఆఫ్రికా పల్లెల్లో కూడా అదే కొడుతున్నారు. బుర్ర, నట్లు మనవి, యంత్రాలు వాళ్లవి. సహకారం అంటే నాకు గుర్తొచ్చేది ఇదీ, మీరనే అడుక్కోవడం కాదు.

ఇక రెండోవైపు. బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో పోతున్నారని, బయటి సంస్థల సాయంతోనే లక్షల గొట్టపు బావులు దింపారు. మంచి ఉద్దేశమే. ఆ నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉందో లేదో అప్పట్లో ఎవరూ చూడలేదు. సంగతి 1990ల్లో బయటపడింది, అప్పటికే కోట్ల మంది తాగేశారు. దాత మంచివాడైనంత మాత్రాన నీళ్లు మంచివైపోవు.

ఇంకోమాట. నేను చూసిన బోరింగుల్లో సగానికి సగం మూలపడింది లోపలి వాషర్ అరిగిపోయే. చిన్న తోలు ముక్క. అది మార్చే మనిషికి జీతం ఏ దేశమూ పంపదు.

జీడిబద్ద:
సార్, చివరి మాటకు దండం. మీరు నా పక్షమా, వాళ్ల పక్షమా అదే తేలలేదు.

ఇచ్ఛాపురం పిల్ల:
అందరూ పైపులూ డబ్బూ అంటున్నారు. అసలు ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇదీ కారణం అని ఇంతవరకు తేల్చారా? నీళ్లు ఒక అనుమానం. ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పని చేయడం ఒకటి, నొప్పి మాత్రలు ఒకటి, పురుగుమందులు ఒకటి. షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా వస్తోంది. ఇదే తీరు జబ్బు శ్రీలంకలో వరి పండించే ఉత్తర మధ్య ప్రాంతంలో ఉంది, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో ఉంది. అక్కడ చెరకు నరికేవాళ్లకు నీళ్లు, నీడ, మధ్యలో విశ్రాంతి ఇచ్చి చూశారు. మన జీడి తోటల్లో, కొబ్బరి తోటల్లో పనిచేసేవాళ్లకు అలా చేసి చూస్తే? ఈ లెక్కలు ఒక దేశం ఒక్కతే కూర్చుని తేల్చలేదు. నాకు కావలసిన సహకారం ఇది. డబ్బు తర్వాత.

జీడిబద్ద:
చెల్లీ, చెప్పడానికి బాగానే ఉంది. మా పెదనాన్న చేతిలోంచి మూడుసార్లు రక్తం తీసుకెళ్లారు. ఎవరో చెప్పను, వేర్వేరు జట్లు. మూడోసారి ఐస్ పెట్టె సర్దుకుంటున్న కుర్రాణ్ణి "బాబూ, కిందటిసారిది ఏమైంది?" అని అడిగాడు. "అది మేం కాదు తాతా" అని బండెక్కాడు. పెదనాన్న పోయాడు. కాగితం ఇంకా రాలేదు.

ఇచ్ఛాపురం పిల్ల:
అన్నయ్యా, దానికి నా దగ్గర జవాబు లేదు. రక్తం తీసినవాడు ఆ ఇంటికి తెలుగులో రాసిన రిపోర్టు ఇచ్చి తీరాలి, లేకపోతే ఊళ్లోకి రానివ్వకూడదు. ఆ షరతు పెట్టాల్సింది మనమే. పరిశోధనే వద్దంటే మాత్రం ఒప్పుకోను.

నాగావళి గట్టు:
షరతు ఎవరు పెడతారమ్మా, సర్పంచా?

కొబ్బరితోట:
ఒకటి ఒప్పుకోవాలి. ఏఈ గారు బంగ్లాదేశ్ అన్నాక మా ఇంటి సంగతి గుర్తొచ్చింది. కిందటేడు ఫిల్టర్లు అమ్మే కుర్రాడు వచ్చి రెండు గ్లాసులు పెట్టాడు, ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఒకదాంట్లో టిన్ను నీళ్లు. కరెంటు తీగలున్న ఊచలు ముంచాడు. కుళాయి గ్లాసు తుప్పు రంగుకు తిరిగింది. అమ్మ భయపడిపోయి వెంటనే అడ్వాన్సు ఇచ్చేసింది. ఆ రంగు నీళ్లది కాదు, ఇనప ఊచది, ఉప్పు ఉన్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి ఊచ కరుగుతుంది అని తర్వాత తెలిసింది. టీడీఎస్ మీటరు కూడా కరిగిన లవణాలను మాత్రమే లెక్కేస్తుందట, ఆర్సెనిక్ ఉందో లేదో దానికి తెలియదు. మరి మా నీళ్లలో ఏముందో ఎవరు చెప్తారు సార్?

రిటైర్డ్ ఏఈ:
కేంద్రం పెట్టిన ఇంటింటి కుళాయి పథకం జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పించాలని ఉంది, కిట్లు కూడా ఇస్తారు. దాంతో అన్నీ తేలవు గానీ ఫ్లోరైడు, నైట్రేటు లాంటివి తెలుస్తాయి. అనుమానం ఉంటే ల్యాబుకు పంపాలి. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో కనుక్కోండి.

కొబ్బరితోట:
కనుక్కున్నాను. ఒకరు మా పిన్నే, అంటే చిన్నాన్న భార్య. కిట్టు బీరువా మీద ఉంది, అట్టపెట్టె సీలు తీయలేదు. "నేర్పుతామన్నారు, మళ్లీ రాలేదు" అంది. ఆదివారం తెరుస్తున్నాం. ఏఈ గారూ, ఆ పూట ఫోన్‌లో ఉండగలరా?