9.3×74ఆర్ మెడ వెడల్పు చేసి .375 వైల్డ్‌క్యాట్: డబుల్ రైఫిల్‌కి ఇది మంచి ఆలోచనేనా?

ఇత్తడిపిచ్చి:
అందరికీ నమస్కారం. నా దగ్గర ఒక పాత బాక్స్‌లాక్ డబుల్ ఉంది, అంటే వంచి తెరిచే జంట గొట్టాల రైఫిల్. యాక్షన్ బిగుతుగానే ఉంది, గొట్టాలే లోపల తినేశాయి. కొత్త గొట్టాలు వేయించాలి. ఏ తూటాకి అన్నది తేలక ఆర్నెల్లుగా నలుగుతున్నాను.

ఆఫ్రికాలో కొన్ని దేశాల్లో పెద్ద జంతువుల వేటకు కనీసం .375 ఉండాలన్న నియమం ఉంది. దానికి తగ్గ పాత రిమ్ము (అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు) తూటా అంటే 1912 నాటి .375 ఫ్లాంజ్‌డ్ మాగ్నమ్. తూటా బంగారం, ఖాళీ కేసులే (మందు, గుండు పట్టే ఇత్తడి తొడుగులే) దొరకవు. 9.3×74ఆర్ కేసులు మాత్రం ఇప్పటికీ మామూలుగా తయారవుతున్నాయి. ఆ కేసు మెడని .375కి వెడల్పు చేసి వైల్డ్‌క్యాట్, అంటే ఫ్యాక్టరీలు చెయ్యని సొంత తూటా, చేసుకుంటే చాలు కదా? మార్చాల్సింది పావు మిల్లీమీటరు లోపే. భుజం దాదాపు మాయమవుతుంది, కానీ హెడ్‌స్పేస్‌ని, అంటే ఛాంబర్‌లో (గొట్టంలో తూటా కూర్చునే చోట) తూటా ఎంత లోతుకి ఆగాలన్నదాన్ని, రిమ్మే చూసుకుంటుంది. అదే రిమ్ము లేని కేసైతే ఇంత చిన్న భుజం మీద ఆధారపడలేం. కేసు గోడలు కాస్త నిటారు చేసి, మందుకి ఇంకొంచెం చోటు తీద్దామని కూడా ఉంది. మీ మాట చెప్పండి.

రీమర్‌గాడు:
చెయ్యండి అన్నా. పాతవే పట్టుకుని వేలాడాలంటే .470 పుట్టేదే కాదు. .450 గుండునే వాడే పాత సైనిక రైఫిళ్లు మార్టినీ-హెన్రీలకు తూటాలు అందుతాయన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలో, సూడాన్‌లో .450 మీద నిషేధం పెట్టింది. దాంతో ఇంగ్లిష్ తయారీదారులు .465, .470, .475 నంబర్ 2, .476 అంటూ తలా ఒకటి రూపొందించారు. అవసరం వచ్చింది, కొత్త కేసు గీశారు. .22 హార్నెట్ కూడా మొదట వైల్డ్‌క్యాటే. మీకూ అవసరం వచ్చింది, అంతే.

పాతడబుల్:
రీమర్‌గాడు గారూ, ఆ కథలో రెండో సగం వదిలేశారు. వాటిలో నిలబడి ఈరోజుకీ హాయిగా దొరుకుతున్నది .470 ఒక్కటే అనుకోండి. తూటాల కంపెనీ కైనాక్ వాళ్లు పెద్ద నైట్రో తూటాలు ఆపేశాక మిగతావాటి యజమానులు ఏళ్ల తరబడి కేసుల కోసం అల్లాడారు. మేలైన రైఫిళ్లు బీరువాల్లో ఊరికే పడున్నాయి. వైల్డ్‌క్యాట్‌కి ఆ గతి పుట్టుకతోనే పడుతుంది.

నా భయం అది కూడా కాదు, గోడలు నిటారు చేస్తానన్న మాట. బోల్ట్ రైఫిల్‌లో పిడి ఎత్తుతుంటే లోపలి వాలు (క్యామ్) కేసుని ఛాంబర్ గోడ నుంచి పెళ్లగిస్తుంది. మన డబుల్‌లో అంత బలమైన ఏర్పాటు ఎక్కడుంది? గొట్టాలు వంచినప్పుడు ఎక్స్‌ట్రాక్టర్ కాస్త పైకి నెడుతుంది, అంతే. నైట్రో ఎక్స్‌ప్రెస్ (.470 లాంటి పాత ఇంగ్లిష్ పెద్ద తూటాల) కేసులు పొడవుగా, ముందుకు సన్నబడుతూ, తక్కువ ఒత్తిడితో ఉన్నది ఊరికే కాదు. ఆనాటి మందు కార్డైట్ ఎండకి మరీ చురుకై ఒత్తిడి పెంచేది. ఆ వేడిలో కూడా కేసు జారి రావాలి. అక్లే (అమెరికా వైల్డ్‌క్యాట్ నిపుణుడు) తరహా నిటారు గోడలు, పదునైన భుజాలు బోల్ట్ గన్‌కి పనికొస్తాయేమో. రెండో గుండు కూడా పేలాక, ఎదురుగా జంతువు ఉండగా, కేసు ఛాంబర్‌లో ఇరుక్కుంటే మీ చేతిలో ఉన్నది కర్రతో సమానం.

లేత్‌మనిషి:
నేను చిన్న లెక్క వేసి చూపిస్తాను. తూటా వెనక్కి తన్నే బలం = ఒత్తిడి × కేసు అడుగు వైశాల్యం. నికరంగా కాదు, పోలికకి బయటి వ్యాసమే తీసుకుందాం.

.470 నైట్రో: అడుగు సుమారు 0.57 అంగుళం, ఒత్తిడి సుమారు 35,000 పీఎస్ఐ. తోపుడు దాదాపు 8,900 పౌన్లు.
.30-06 అడుగు, 0.47 అంగుళం, 60,000 పీఎస్ఐ: దాదాపు 10,400 పౌన్లు.

చూశారా? ఏనుగుల తూటా కన్నా సన్న తూటా యాక్షన్ ముఖాన్ని గట్టిగా తన్నుతోంది. ఆ బలమంతా మోసేది హింజ్ పిన్ను, అడుగు బోల్టులే. అవి ఒక్కసారిగా విరగవు. మెల్లమెల్లగా అరిగి, ఒకరోజు గొట్టాలకీ యాక్షన్ ముఖానికీ మధ్య సన్న కాగితం దూరేంత సందు కనిపిస్తుంది. జర్మన్లకి ఈ సంగతి బాగా తెలుసు. రిమ్ము లేని బోల్ట్ రైఫిల్ తూటా 9.3×62కి సీఐపీ (తూటాల ప్రమాణాల సంస్థ) గరిష్ఠ ఒత్తిడి 3,900 బార్, 9.3×74ఆర్‌కి 3,400. పని దాదాపు ఒకటే, కేసే 12 మి.మీ. పొడవు. ఆ పొడవే మీ తుపాకీకి రక్ష. దాన్ని వేగం కోసం ఖర్చు పెట్టకండి.

మెడ మార్పు మటుకు నాకు నచ్చింది. గోడల జోలికి పోవద్దు.

కొత్తగొట్టం:
ఒక సందేహం. అసలు రిమ్ము ఎందుకు సార్? రిమ్ము లేని తూటాలకి కూడా డబుల్స్ చేస్తున్నారు కదా. .375 హెచ్ అండ్ హెచ్ బెల్టెడ్ (రిమ్ము బదులు అడుగున పట్టీ ఉన్న తూటా) తీసుకుంటే గొడవే లేదు.

పాతడబుల్:
బాబూ, అది నేను కళ్లారా చూశాను. కేసు గాడిలో పట్టుకోవడానికి ఎక్స్‌ట్రాక్టర్‌కి స్ప్రింగు మీద చిన్న నాలుక పెడతారు. ఇసుక ఉన్న చోట రెండు రోజులు తిరిగి తుపాకీ వంచాను. నాలుక గాడిని దాటి జారిపోయింది. ఎక్స్‌ట్రాక్టర్ పైకొచ్చింది, కేసు కిందే ఉండిపోయింది. చాకు మొనతో లాగితే గాని రాలేదు. రిమ్ముంటే గొడవ లేదు, ఎక్స్‌ట్రాక్టర్ పలక మొత్తం దాని కిందే ఉంటుంది. మంచి పనివాడు బాగానే చేస్తాడు, కాదనను. కానీ ప్రాణం మీదికొచ్చే చోట నేను రిమ్మునే నమ్ముతాను.

లేత్‌మనిషి:
ఇత్తడిపిచ్చి గారూ, ఇంకో రెండు. మొదటిది, కేసు అడుగున ముద్ర 9.3×74ఆర్ అనే ఉంటుంది. ఎవరైనా పొరపాటున అసలు 9.3 తూటా మీ ఛాంబర్‌లో పెడితే అది చక్కగా కూర్చుంటుంది, పేలుతుంది, గుండు గొట్టంలో వదులుగా పోతుంది. గొట్టాల మీద కాలిబర్ స్పష్టంగా చెక్కించండి. వీలైతే ముద్ర లేని కేసులు చేయించుకోండి.

రెండోది రెగ్యులేషన్. రెండు గొట్టాలూ ఒకే చోట కొట్టాలంటే పనివాడు మూతి దగ్గర టంకం కరిగించి, మధ్యలో ఉన్న చీలని వెంట్రుకవాసి కదిపి, మళ్లీ అతికి, మళ్లీ కాల్చి చూడాలి. ఒకే గుండు, ఒకే వేగం. వేగం తగ్గితే గుండ్లు విడిపోతాయి, పెరిగితే ఒకదాన్నొకటి దాటి అటూ ఇటూ పోతాయి. వైల్డ్‌క్యాట్‌కి ఫ్యాక్టరీ తూటా ఉండదు. పనివాడికి మీరిచ్చిన తూటాలే ప్రమాణం. ముందు తూటా తేల్చుకోండి, తర్వాతే టంకం.

రీమర్‌గాడు:
గోడల విషయంలో నేనూ ఒప్పుకుంటున్నా. మెడ మాత్రమే మారిస్తే తుపాకులు పరీక్షించి ముద్ర వేసే ప్రూఫ్ హౌస్ వాళ్లకి కొలతలు చెప్పడం కూడా తేలిక.

పాతడబుల్:
నేను ఇప్పటికీ ఫ్లాంజ్‌డ్ మాగ్నమ్ అనే అంటాను. కేసులు దొరకడం కష్టమే, కానీ ఒకసారి వంద సంపాదిస్తే తక్కువ ఒత్తిడిలో అవి ఏళ్లకేళ్లు వస్తాయి. రేపు ఆ రైఫిల్ ఇంకొకరి చేతికి వెళ్తే, అది ఏ తూటా అని వాళ్లు ఎవర్నీ అడగక్కర్లేదు.

ఇత్తడిపిచ్చి:
పాతడబుల్ గారూ, ఆ చివరి మాట గుచ్చుకుంది. మా అబ్బాయికి చెందాల్సిన తుపాకీ ఇది. నిటారు గోడల గీత చించేశాను. లేత్‌మనిషి గారూ, యాక్షన్ కొలతలు పంపిస్తే 3,400 బార్ తట్టుకుంటుందో లేదో చూసి పెడతారా? అది తేలకముందు రీమర్‌కి (ఛాంబర్ తొలిచే పనిముట్టుకి) ఆర్డర్ ఇవ్వను.